మెమరీ టెక్నిక్స్ నేర్పిస్తే కథలు రాసే పాప కథలు మానేస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం, నీట్‌కి కూడా చదువుతోంది. జువాలజీలో పేర్లు ఎన్నిసార్లు చదివినా నిలవట్లేదు. ఎవరో 18,000 రూపాయల మెమరీ కోర్సు ఉంది, చేర్చండి అన్నారు. ఇంకోవైపు పాప చక్కగా కథలు రాస్తుంది, ఇవన్నీ బుర్రలోకి కుక్కితే ఆ ఊహ కాస్తా ఎండిపోతుందేమోనని మీ బెంగ.

ముందు డబ్బు సంగతి. ఆ 18,000 మీ దగ్గరే ఉంచుకోండమ్మా. అందులో నేర్పే విషయం అబద్ధమని కాదు, దాన్ని రెండు ఆదివారాల్లో ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

నేను ముప్పై రెండేళ్లు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పాతిక దాకా అష్టావధానాలు చేశాను. శతావధానం జోలికి పోలేదు, అంత సత్తా లేదు. పృచ్ఛకుడిగా, అంటే ప్రశ్నలడిగేవాడిగా, కూర్చుని పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టిన సభలు మాత్రం లెక్కలేనన్ని. జ్ఞాపకం, కల్పన ఒకదాన్నొకటి తినేస్తాయా అనే ప్రశ్నకి మన భాషలో అవధానం కంటే మంచి ప్రయోగశాల ఇంకోటి లేదు. అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను, జువాలజీకి తర్వాత వస్తాను.

అష్టావధానంలో ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య పేరుతో ఒక చిక్కు పాదం ఇచ్చి పద్యం పూర్తిచేయమంటారు, ఒకరు దత్తపది పేరుతో నాలుగు పొంతన లేని మాటలు ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, ఒకరు నిషిద్ధాక్షరి పేరుతో అక్షరం అక్షరానికీ అడ్డు పడతారు, ఒకరు వర్ణన అడుగుతారు. ఇంకొకరు మధ్యలో గంట కొడుతుంటారు, ఎన్ని గంటలో చివర్లో చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవాడి ఉద్యోగమే మన ధ్యాస చెడగొట్టడం. పద్యాలు ఒకేసారి పూర్తి కావు. మొదటి ఆవృత్తంలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం, రెండో ఆవృత్తంలో రెండో పాదం, ఇలా నాలుగు చుట్లు తిరుగుతాయి. ఆఖర్న ధారణ. ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ కాగితం లేకుండా వరసగా అప్పజెప్పాలి.

చూసేవాళ్లు ధారణకి చప్పట్లు కొడతారు. కూర్చున్నవాడికి తెలుస్తుంది, అసలు ఆ రెండు పనులూ వేరు కావని. నేను ఉత్పలమాలలో ఒక పాదం చెప్పి వదిలేస్తే, అరగంట తర్వాత అది ఎలా గుర్తొస్తుంది? ఆ పాదానికి భ ర న భ భ ర వ అనే గణాల నడక ఉంది, ఇరవై అక్షరాలే పడతాయి. మొదటి అక్షరానికి పదో అక్షరంతో యతి కుదరాలి. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ఒకటే ప్రాస. ఒక మాట జారిపోయినా ఈ కట్టుబాట్లు నాలుగు వైపుల నుంచీ తాళ్లేసి లాగుతాయి, అక్కడ ఇంకో మాట ఇమడదు. పద్యం కట్టడానికి పనికొచ్చిన ఛందస్సే దాన్ని గుర్తుపెట్టుకోవడానికీ పనికొస్తుంది. వచనంలో ఎనిమిది పేరాలు అలాగే నిలుపుకోమంటే నావల్ల కాదు.

ఇంకో సంగతి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన రోజుల్నుంచీ ఇప్పటిదాకా ఏ అవధానిని చూసినా, వెనక వేల పద్యాలు నోటికొచ్చి ఉంటాయి. అవి సభలో ఎత్తిపోయడానికి కాదు. పాత పద్యాన్ని దించితే పృచ్ఛకుడు అక్కడే పట్టుకుంటాడు. అన్ని పద్యాలు లోపల ఉన్నవాడికి చంపకమాల నడక గురించి ఆలోచించాల్సిన పని ఉండదు. ఆ పని నాలుక చూసుకుంటుంది. మనసుకి ఖాళీ దొరుకుతుంది, ఆ ఖాళీలో కొత్త ఊహ పుడుతుంది. కీబోర్డు మీద అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కునేవాడు కథ రాయలేడు కదా, అలాంటిదే.

కాబట్టి మీ బెంగకి జవాబు: గుర్తుపెట్టుకోవడం వల్ల ఊహ ఎండిపోదు. అర్థం తెలియకుండా, ఇష్టం లేకుండా, తెల్లవారుజామున లేచి ఒకే పేజీ ముప్పైసార్లు వల్లె వేయిస్తే మాత్రం పిల్లకి పుస్తకం మీదే విరక్తి పుడుతుంది. దాన్ని జ్ఞాపకం ఖాతాలో వేయకూడదు.

ఇప్పుడు కిటుకులు. అవధానంలో వ్యస్తాక్షరి అనే అంశం ఉంటుంది. పృచ్ఛకుడు ఒక వాక్యం మనసులో పెట్టుకుని, అక్షరాలు కలగాపులగం చేసి, మధ్యమధ్యలో చీటీ మీద ఒక్కోటి అందిస్తాడు. ఉదాహరణకి వాక్యం "తెలుగు తోటలో పూలవాన" అనుకోండి, పది అక్షరాలు. ముందు "7 - పూ" అని చీటీ వస్తుంది. పావుగంటకి "3 - గు". ఇంకాసేపటికి "10 - న". చివర్లో అన్నీ వరసలో పేర్చి వాక్యం చెప్పాలి.

ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. నేను మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు వాడతాను. ఆ ఇంట్లో నాకు పన్నెండు చోట్లు ఉన్నాయి, నడిచే వరసలో. గేటు, అరుగు, గుమ్మం, పక్క సందులో బావి, వంటింటి పొయ్యి, వంటింటి కిటికీ, గోడ అద్దం, రేడియో బల్ల, నీళ్ల కుండ, పెరట్లో తులసికోట, వెనక గోడ, పశువుల పాక. "3 - గు" అనగానే మూడో చోటైన గుమ్మంలో ఒక గుర్రం ఇరుక్కుపోయి సకిలిస్తుంది. "7 - పూ" అంటే అద్దానికి పూలబుట్ట వేలాడుతుంది. "10 - న" అంటే తులసికోట మీద నత్త పాకుతుంది. బొమ్మ ఎంత విడ్డూరంగా ఉంటే అంత మంచిది. చివర్లో గేటు దగ్గర్నుంచి ఇంట్లోకి నడుచుకుంటూ పోతే అక్షరాలు వాటంతట అవే వరసలో ఉంటాయి.

పాశ్చాత్యులు ఇదే పద్ధతిని ప్రాచీన గ్రీసు నుంచీ చెప్పుకుంటున్నారు. కోర్సుల్లో దీన్నే "మెమరీ ప్యాలెస్" అని అమ్ముతారు. ప్యాలెస్ అక్కర్లేదు, పెంకుటిల్లు చాలు.

ఇందులో ఒక దెబ్బ తిన్నాను, అదీ చెబుతాను. ఒకసారి శనివారం ఒక ఊళ్లో సభ, ఆదివారం పక్క ఊళ్లో ఇంకో సభ. రెండింటికీ అదే ఇల్లు వాడాను. ఆదివారం ధారణలో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నిన్నటి గుర్రం అక్కడే ఉంది! ఇవాళ్టి అక్షరం దాని వెనకెక్కడో నక్కింది. తప్పు అక్షరం చెప్పాను, వాక్యం కాస్తా బూతులాగా ధ్వనించింది, సభంతా ఒకటే నవ్వు. అప్పట్నుంచీ ఐదారు ఇళ్లు తయారు చేసుకున్నాను: మా బడి, మేనమామ ఇల్లు, గుడి ప్రదక్షిణ దారి, ఇలా. పాపకి కూడా ఒక పాఠానికి ఒక ఇల్లు చొప్పున ఇవ్వండి.

సరే, జువాలజీ. మా అమ్మాయీ బైపీసీయే. కపాల నాడులు, అంటే మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడులు, పన్నెండు జతలు వరసలో రావట్లేదని ఏడుస్తుంటే, ఇదే ఇంట్లో నడిపించాను. పూర్తిగా రాస్తాను, ఎందుకంటే ఈ పద్ధతి వివరిస్తే అర్థమయ్యేది కాదు, చేసి చూడాలి.

గేటు మీద మల్లెపందిరి, గుప్పున వాసన: ఆల్‌ఫాక్టరీ, వాసన నాడి. అరుగు మీద తాతయ్య కళ్లజోడు: ఆప్టిక్, చూపు. గుమ్మం చాటున ఒక చంటిది కళ్లు గుండ్రంగా తిప్పుతూ తొంగి చూస్తోంది: ఆక్యులోమోటార్, కంటిగుడ్డుని కదిలించేది. బావి దగ్గర గిలక కిర్రుమంటోంది: ట్రాక్లియర్. ఇక్కడ ఆగండి. ఆ పేరుకి మూలమైన ట్రాక్లియా అనే లాటిన్ మాటకి అర్థమే గిలక. కంటిని తిప్పే ఒక కండరం తాలూకు స్నాయువు నిజంగానే ఒక చిన్న ఉంగరంలోంచి, చేంతాడు గిలక మీదుగా పోయినట్టు పోతుంది. ఆ కండరానికి వెళ్లే నాడి ఇదే. ఇది తెలిశాక ఆ పేరు మరిచిపోవడం కష్టం.

పొయ్యికి మూడు రాళ్లు: ట్రైజెమినల్, ముఖంలో మూడు శాఖలుగా చీలేది. వంటింటి కిటికీలో కాకి ఓరగా చూస్తోంది: అబ్డ్యూసెన్స్, కంటిని బయటివైపుకి తిప్పేది. అద్దంలో మొహం: ఫేషియల్. రేడియో: ఆడిటరీ, వినికిడీ తూకమూ రెండూ దీనివే కాబట్టి రేడియోని బల్ల అంచున పడీపడనట్టు పెట్టండి. కుండలో నీళ్లు గటగటా గొంతులోకి దిగుతున్నాయి: గ్లాసోఫారింజియల్. తులసికోట చుట్టూ తిరిగే దేశదిమ్మరి పిల్లి: వేగస్. ఆ మాటకి అర్థం తిరుగుబోతనే, మెడ మీదుగా గుండెకీ పొట్టకీ అన్నిచోట్లకీ పోతుంది. వెనక గోడకి ఆనించిన కావడిబద్ద: స్పైనల్ యాక్సెసరీ, మెడా భుజమూ కదిలించే కండరాలకి వెళ్లేది. పాకలో ఆవు నాలుక చాపి మీ చెయ్యి నాకుతోంది: హైపోగ్లోసల్, నాలుక నాడి.

రెండుసార్లు నడిస్తే వచ్చేస్తుంది. ముందు నుంచే కాదు, ఆవు దగ్గర్నుంచి వెనక్కి కూడా వస్తుంది. తొమ్మిదోది ఏమిటని ఎవరైనా అడిగితే నేరుగా కుండ దగ్గరికి వెళ్లి నిలబడవచ్చు.

మా అమ్మాయి చేసిన పని చెబితే మీ రెండో ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. కాకి బొమ్మ తనకి నచ్చలేదు. నేను చెప్పిన బొమ్మ తీసేసి, పక్కింటివాళ్లు ఏం వండుకుంటున్నారో కిటికీలోంచి ఓరగా చూసే మా పెద్దత్తయ్యని పెట్టింది. అది కథలు అల్లే బుర్ర చేసే పని. కపాల నాడుల చిట్టాని అప్పజెప్పిన పిల్లే ఆ సాయంత్రం పెద్దత్తయ్య మీద రెండు పేజీలు రాసింది. ఆ పేజీలు ఆవిడ కంట పడకుండా దాచడం మా ఇంట్లో పెద్ద పని అయింది, అది వేరే కథ.

అంకెలకి ఇంకో పద్ధతి, మన దగ్గరే ఉంది: కటపయాది. క నుంచి వరసగా 1, 2, 3 అని తొమ్మిది దాకా, ఞ సున్నా. ట నుంచి మళ్లీ అలాగే, న సున్నా. ప ఫ బ భ మ ఒకటి నుంచి అయిదు. య ర ల వ శ ష స హ ఒకటి నుంచి ఎనిమిది. గుణింతం ఏదైనా, పక్కన సున్న ఉన్నా లెక్కలోకి రాదు. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల (మూల రాగాల) పేర్లు దీని ప్రకారమే పెట్టారు. మేచకల్యాణిలో మే 5, చ 6. సంప్రదాయంలో అంకెలు కుడి నుంచి ఎడమకి చదవాలి కాబట్టి అది 65వ మేళకర్త. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2. అలాగే తిరగేస్తే 29.

పిల్లలకి ఈ తిరగేసే గొడవ ఎందుకని నేను ఎడమ నుంచే చెప్పించేవాణ్ణి. మొదటి పానిపట్టు యుద్ధం 1526: య 1, మ 5, రా 2, త 6, "యమరాత". ఆ రోజు ఇబ్రహీం లోడీ నుదుటి మీద రాసింది అదే. ప్లాసీ 1757: క 1, సి 7, మీ 5, సం 7, "కసి మీసం", మీర్ జాఫర్ మెలేస్తున్నట్టు. ఇలాంటి మాట వెతకడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాల వెతుకులాటలోనే సంవత్సరం బుర్రకి అంటుకుంటుంది. రెడీమేడ్‌గా పుస్తకంలో దొరికిన మాటకి ఆ పట్టు ఉండదు. నేను ఇచ్చిన ఈ రెండూ కూడా మీ పాపకి నాకు పనికొచ్చినంత పనికిరావు.

చిన్న మాటలో పెద్ద విషయం దాచడంలో మనవాళ్లని మించినవాళ్లు లేరు. "యమాతారాజభానసలగం" చూడండి. పది అక్షరాలు. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే గురులఘువులు వచ్చేస్తాయి. యమాతా: లఘువు, గురువు, గురువు, యగణం. నసల: మూడూ లఘువులే, నగణం. ఎనిమిది గణాలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఇది ఎవరు కట్టారో గానీ, జ్ఞాపకం కోసం చేసిన సృజన అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఇక కోర్సులవాళ్లు చెప్పని మాట. వాళ్లు "బ్రెయిన్ పవర్ పెరుగుతుంది" అంటారు. పెరగదు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒక మామూలు విద్యార్థికి అంకెలు గుర్తుపెట్టుకునే సాధన చేయించారు. ఆ ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. మొదట్లో ఏడు అంకెలు దాటలేనివాడు దాదాపు 230 గంటల సాధన తర్వాత 79 అంకెలు ఒక్కసారి విని అప్పజెప్పాడు. ఎలాగంటే, అతను పరుగు పందేలవాడు. అంకెల్ని మూడేసి, నాలుగేసి విడగొట్టి పరుగు టైములుగా మార్చుకునేవాడు. అప్పుడు అంకెలు తీసేసి అక్షరాలు ఇచ్చారు. మళ్లీ ఆరు దగ్గర ఆగిపోయాడు. పెరిగింది బుర్ర కాదు, అంకెలతో అతను కట్టుకున్న ఆ ఒక్క దారి. నా సంగతీ అంతే. నాలుగు ఆవృత్తాల పద్యాలు అప్పజెప్పి ఇంటికొచ్చి, కళ్లజోడు ఎక్కడ పెట్టానో తెలియక తిట్లు తిన్న రోజులున్నాయి.

అందుకని దేనికి వాడాలో దానికే వాడాలి. వరసలు, పేర్లు, తేదీలు, ఎందుకలా అని అడిగితే జవాబు లేనివి: వీటికి బొమ్మలు, ఇళ్లు. గుండెలో రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో మాత్రం బొమ్మలతో బట్టీ పట్టించకండి. కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, మహాధమని. ఎందుకు అలాగే పోవాలో అర్థమైతే చాలు, పటం తనే గీస్తుంది. మూడు రెక్కల ట్రైకస్పిడ్ కవాటం ఏ పక్కదన్న ఒక్క ముక్కకి మాత్రం కిటుకు కావాలి. నా దగ్గర చదివిన ఒక పిల్ల "మూడు ముళ్లు వేసేది కుడిచేత్తో సార్" అంది. ఇరవై ఏళ్లయింది, బైపీసీ చదవని నాకే గుర్తుంది. ఫిజిక్స్ లెక్కలకి ఇవేవీ పనికిరావు, అక్కడ చేసి చూడటమే.

కిటుకు కంటే ముఖ్యమైంది ఇంకోటుంది. మన పాత బళ్లలో రెండు పనులుండేవి, వల్లె వేయడం, అప్పజెప్పడం. వల్లె వేయడం అంటే పుస్తకం చూస్తూ గొంతెత్తి చదవడం. అప్పజెప్పడం అంటే పుస్తకం పంతులుగారి చేతికిచ్చి, చేతులు కట్టుకుని చెప్పడం. మనం వల్లె వేయడాన్ని ఉంచుకుని అప్పజెప్పడాన్ని వదిలేశాం. హాస్టళ్లలో స్టడీ అవర్స్ అంతా వల్లె వేయడమే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లల మీద పరీక్షించి చూశారు. ఒక జట్టు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది, ఇంకో జట్టు చదివి మూసేసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత తిరగబడింది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పాప "చదివినప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంది అమ్మా" అంటుందే, ఆ ఐదు నిమిషాల మోసమే అది.

అప్పజెప్పడానికి ఎడం కూడా కావాలి. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసుకుని, మరపు మొదట్లో వేగంగా, తర్వాత మెల్లగా సాగుతుందని చూపించాడు. నేను పెట్టే లెక్క ఇది: చదివిన మర్నాడు ఒకసారి, మూడో రోజు, వారానికి, నెలకి. ఇదేం శాసనం కాదు. కాస్త మరుపు పడ్డాక, బుర్ర గోక్కుని మరీ తెచ్చుకోవాలి, ఆ గోక్కోవడంలోనే పట్టు పెరుగుతుంది. చీటీలు చేసి అట్టపెట్టెల్లో వేసుకుంటే చాలు. ఫోన్లో యాంకీ లాంటి యాప్ అయితే ఎప్పుడు అడగాలో అదే లెక్క చూసుకుంటుంది. కాకపోతే ఫోన్ పాప చేతికిస్తే చీటీలే చూస్తుందన్న పూచీ నాది కాదు.

అప్పజెప్పించుకోవడానికి మీకు జువాలజీ రానక్కర్లేదు. పుస్తకం చేత్తో పట్టుకుని "తర్వాతేంటి?" అంటే సరిపోతుంది. వంట చేస్తూ కూడా అవుతుంది.

కథల విషయంలో ఒక అలవాటు చేయించండి. వారంలో నేర్చుకున్న వాటిలోంచి నాలుగు మాటలు మీరే ఇవ్వండి, దత్తపదిలాగా. గిలక, వేగస్, కావడి, మీసం అనుకోండి. వాటితో అయిదారు వాక్యాల కథ, కాగితం మీద కాదు, నోటితో. పది నిమిషాలు నడుస్తూ మనసులో కట్టుకుని వచ్చి చెప్పాలి, రాసుకోవడం ఆ రాత్రికి. ఇందులో ఒక మర్మం ఉంది. మనసులో మోయాల్సి వచ్చినప్పుడు బలహీనమైన వాక్యాలు దారిలోనే రాలిపోతాయి, గట్టివే ఇల్లు చేరతాయి. నేను సభలో చెప్పిన వాటికంటే, బస్సులో కాగితం లేక మనసులో కట్టుకున్న పద్యాలే ఎక్కువ బాగుండేవి.

పబ్లిక్ పరీక్షలు దగ్గర్లో ఉంటే ఇప్పుడు ఐదు ఇళ్లు కట్టించకండి, టెన్షన్ పెరుగుతుంది తప్ప లాభం లేదు. అప్పుడు ఉన్న నోట్సుతోనే అప్పజెప్పడం ఒక్కటి చేయించండి. ఇంకా నాలుగైదు నెలలు టైముంటే ఈ ఆదివారమే ఒక ఇంటితో మొదలుపెట్టండి. మీది అపార్ట్‌మెంటయితే పన్నెండు చోట్లు దొరకడం కష్టం, మూడు బెడ్‌రూములూ ఒకేలా ఉంటాయి. అమ్మమ్మగారి ఊరు ఉంటే ఒకసారి తీసుకెళ్లి గేటు దగ్గర్నుంచి నడిపించండి. బావి పూడ్చేసి ఉన్నా ఫరవాలేదు, అది ఎక్కడ ఉండేదో అమ్మమ్మగారు చూపిస్తారు.